వంటింట్లో చిట్టి చేతులు



విచారణలో ఇళ్ళు దర్శించేటప్పుడు తరచుగా కనిపించే దృశ్యం ఒకటున్నది. తల్లి పొయ్యి దగ్గర ఉంటుంది. నాలుగేళ్ళ బిడ్డ కొంగు పట్టుకొని 'నేనూ చేస్తా' అంటాడు. 'పని చెడగొట్టకు, అవతలికి పో' అని కసిరి, చేతికి సెల్‌ఫోను ఇచ్చి కూర్చోబెడుతుంది. ఆమెను తప్పుపట్టను. పనికి పోయి వచ్చి దీపాలవేళ వంట మొదలుపెట్టే తల్లికి ఓపిక ఎక్కడిది? అయినా, ఆ పసివాడు అడిగింది ఆట కాదు, చదువు అని మీకు మనవి చేయదలిచాను.

మన జ్ఞానం ఇంద్రియాల ద్వారానే మొదలవుతుందని పునీత తోమస్ అక్వినాస్ గారు బోధించారు. సెమినరీలో ఆ సూత్రాన్ని కంఠస్థం చేశాను గాని, చింతపండు పిసుకుతున్న ఒక పాపను చూసినప్పుడే అది నాకు సరిగా బోధపడింది. పులుపు, జిగట, గింజ గట్టితనం అన్నీ ఒక్క గిన్నెలో నేర్చుకుంటోంది.

కతోలిక వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో పేదపిల్లల కోసం బడి తెరిచారు. నీళ్ళు పోయడం, తుడవడం, బల్ల సర్దడం వంటి ఇంటిపనులనే ఆమె పాఠాలుగా పెట్టారు. 1939లో మదరాసు వచ్చి మన ఉపాధ్యాయులకూ శిక్షణ ఇచ్చారు. ఆమె పేరు పెట్టుకున్న బడులలో నేడు ఫీజులు ఎంతో మీకు తెలుసు. పాఠాలు మాత్రం మీ వంటింట్లోనే ఉన్నాయి.

బఠాణీ కాయలు ఒలవమనండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కితేనే కాయ విచ్చుకుంటుంది. రేపు పలక మీద బలపం పట్టేది ఆ వేళ్ళే. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు అని చెప్పి వాడిచేతే కొలిపించండి. రెండు గ్లాసుల బియ్యమైతే ఎన్ని నీళ్ళని అడగండి. చెంబులో నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులోకి వంపితే, నీళ్ళు ఎక్కువయ్యాయని అయిదేళ్ళ బిడ్డ చాలాసార్లు అంటాడు. నవ్వకండి. ఏడేళ్ళ ప్రాంతానికి గాని ఆ సంగతి పట్టుబడదని స్విట్జర్లాండు పండితుడు పియాజే చూపించారు. వాదించకుండా తిరిగి చెంబులోకి పోయించి చూడనివ్వండి.

రాత్రి ఇడ్లీపిండి కలిపేటప్పుడు గిన్నెలో ఎంతవరకు ఉందో చూపించండి. తెల్లవారి లేచి, పొంగిన పిండిని వాడే చూస్తాడు. మత్తయి 13వ అధ్యాయంలోని పులిపిండి ఉపమానాన్ని ఆ పూట చెబితే, నేను జ్ఞానోపదేశం తరగతిలో గంటసేపు చెప్పిన దానికన్నా బాగా నాటుకుంటుంది.

కత్తిపీట, కాగే నూనె, గ్యాసు జోలికి మాత్రం రానివ్వవద్దు. పచ్చిమిర్చి ముట్టనివ్వకండి. అయిదేళ్ళలోపు పిల్లల చేతికి పల్లీలు, శనగలు, బఠాణీల వంటి గింజలు ఇవ్వవద్దు, గొంతులో అడ్డుపడతాయి.

'మగపిల్లాడికి వంటేమిటి?' అనే తాతయ్యలు మన విచారణలో తక్కువేమీ లేరు. వారు యోహాను 21వ అధ్యాయం తీసి చదవాలి. ఉత్థాన ప్రభువు ఒడ్డున నిప్పులు పేర్చి, చేపలు కాల్చి, అలసి వచ్చిన శిష్యులకు ఫలహారం పెట్టాడు.

రోజూ కుదరకపోతే ఆదివారం పూజ నుండి వచ్చాక ఒక్క పని ఇవ్వండి. ఆ పూట భోజనానికి ముందు ప్రార్థన చెప్పే వంతు కూడా వాడికే ఇవ్వండి. కూరలో ఉప్పెక్కువైనా నాన్నగారు పెదవి విరవకూడదు.