పూలనూనె సబ్బు: ఇంట తయారుచేయువారు ఎరుగవలసిన సంగతులు

వంగదేశమునందలి ఖరగ్‌పూర్ రైల్వే పట్టణములో ఇందా ఒక పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఆ పట్టణమున తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. ఫాల్గుణ పూర్ణిమనాడు అచట దోల్ పండుగ రంగులు చల్లుకొందురు. పదునైదు దినములకు ఉగాది తలంటు వచ్చును. వసంతమున సబ్బుతో పని హెచ్చుట సహజము. ఇంట చేసికొనిన పూలపరిమళపు సబ్బు మంచిదే. కాని దానిని సబ్బుగా మార్చునది పూవు కాదు, కాస్టిక్ సోడా. ప్రమాదమంతయు దానియందే కలదు.

పచ్చి మల్లెపూలను సబ్బులో కలిపినచో క్షారమునకు నల్లబడును, వాసనయు నిలువదు. పూర్వాచారము వేరు. నువ్వులు పరచి, పొరల నడుమ సాయంకాలపు మల్లెమొగ్గలు చల్లుదురు. రాత్రి విచ్చిన పూల పరిమళమును నువ్వులు పీల్చుకొనును. వాడిన పూలు తీసి క్రొత్తవి వేయుచు, కొన్ని దినములకు ఆ నువ్వులను గానుగ ఆడించినచో మల్లెనూనె లభించును. సబ్బు ఆరుటకు నాలుగు వారములు పట్టును గనుక ఉగాదికి కావలసినదానిని మాఘ బహుళమునందే పోయవలెను. అప్పటికి మల్లె పూయదు. గత వేసవిని తీసిన నూనెనే దాచి వాడుకొనవలెను.

కొబ్బరినూనె 300 గ్రాములు, వేరుసెనగనూనె 200 గ్రాములు, కాస్టిక్ సోడా 78 గ్రాములు, నీరు 190 గ్రాములు. వీనిని త్రాసుతోనే తూచవలెను. వంగదేశపు బజారులలో ఆవనూనె సులభముగా దొరకును. 500 గ్రాములును ఆవనూనెయే పోసినచో దానికి సుమారు 62 గ్రాముల సోడా చాలును. 78 గ్రాములు వేసినచో మిగులు సోడా సబ్బులో నిలిచి చర్మమును కాల్చును.

సోడాను కొద్దికొద్దిగా నీటిలో వేయవలెను. సోడాపై నీరు పోసినచో చిమ్మును. అల్యూమినియము పాత్రను సోడా తినివేయును, మండు వాయువు పుట్టును. స్టీలు పాత్ర వాడవలెను. రబ్బరు తొడుగులు, కంటి అద్దములు ధరించి ఆరుబయట ఈ పని చేయవలెను. సోడానీరు, నూనెలు గోరువెచ్చనైన పిదప కలిపి, గరిటె జాడ పైన నిలుచువరకు త్రిప్పి, రెండు చెంచాల మల్లెనూనె చేర్చి, కాగితము పరచిన చెక్క అచ్చులో పోయవలెను. రెండు దినములకు కోసి నీడను ఆరబెట్టవలెను.

సోడానీరు మంచినీటివలెనే కనబడును. గ్లాసులోనో సీసాలోనో ఉంచి మరచినచో బిడ్డలు త్రాగుదురు. అన్నవాహిక కాలి, మ్రింగుటయే జీవితాంతము కష్టము కావచ్చును. అట్టి బిడ్డకు వాంతి చేయింపరాదు, నిమ్మరసము పట్టరాదు. నోరు కడిగి తక్షణము ఆసుపత్రికి చేర్చవలెను. కంట పడినచో నలుపక, కనీసము 20 నిమిషములు ధారగా నీటితో కడిగి వైద్యునికి చూపవలెను.

పరిమళమునకు క్రిములను తొలగించు శక్తి లేదు. ఆ పని సబ్బు నురుగుది, రుద్దు చేతులది. కావున పసిబిడ్డలున్న ఇంట వేరొక విధానము మేలు. వాసన లేని తయారు సబ్బును తురిమి, కొద్ది నీటితో, మరుగునీటి పాత్రపై మరియొక పాత్రనుంచి కరగించి, మల్లెనూనె కలిపి అచ్చు పోయవచ్చును. సోడాతో పనియే లేదు. ఒకటి రెండు వారములలో ఆరును గనుక దోల్ పండుగనాడు పోసినను ఉగాదికి అందును.