కెర్నల్ కబురు

మేనకోడలికి,

మెయిల్ చదివాను. నీళ్ల మీటర్ల రీడింగులు పోగుచేసే నీ సర్వర్, కొన్ని వందల మీటర్లతో పరీక్షించినంత కాలం నిక్షేపంగా నడిచిందనీ, అసలు పనిలోకి దిగి కనెక్షన్లు వెయ్యి దాటేసరికి ఒక్కోసారి ఉన్నపళంగా కూలిపోతోందనీ, ఒక్కోసారి కూలకుండానే పిచ్చి అంకెలు రాస్తోందనీ రాశావు. లాగ్‌లో ఆనవాలే లేదన్నావు. పాత కోడ్‌లో సెలెక్ట్ వాడారని చివర్లో మాటవరసకు చెప్పావు చూడు, జబ్బు అక్కడే ఉంది.

సెలెక్ట్ పీకేసి ఈపోల్ పెట్టమని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కూలడం ఆగుతుంది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేని మీటర్లు, పనేమీ లేకపోయినా నూరు శాతం సీపీయూ తినే రాత్రులు మొదలవుతాయి. సెలెక్ట్, పోల్, ఈపోల్ ఏది వాడినా ప్రోగ్రాంకు అందేది ఒక కబురు మాత్రమే: 'ఈ డిస్క్రిప్టర్ మీద ఇప్పుడు పని మొదలుపెడితే ఎదురుచూడాల్సిన అవసరం రాకపోవచ్చు' అని. ఆ కబురులో ఏముందో, ఏం లేదో విడమర్చి చూడటం రావాలి. అందుకే ఇంత పొడవు ఉత్తరం.

యూనిక్స్‌లో తెరిచింది ఫైలైనా, పైపైనా, సాకెట్టైనా ప్రోగ్రాం చేతికి వచ్చేది ఒక చిన్న అంకె, అదే డిస్క్రిప్టర్. 0, 1, 2 సాధారణంగా ముందే పంచేసి ఉంటాయి: ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్. కొత్తది తెరిచిన ప్రతిసారీ, ఖాళీగా ఉన్నవాటిలో అతి చిన్న అంకెను కెర్నల్ ఇస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకో, మళ్లీ పనికొస్తుంది. మామూలు సాకెట్ మీద రీడ్ పిలిస్తే డేటా వచ్చేదాకా ఆ థ్రెడ్ అక్కడే నిద్రపోతుంది. మీటర్ ఒక్కటైతే ఇబ్బంది లేదు. వేల మీటర్లలో ఏది ముందు పలుకుతుందో తెలియనప్పుడు, ఒకదాని ముందు కూర్చుంటే మిగతావాటి మాట వినేవాళ్లుండరు.

1983లో బర్క్లీ నుంచి వచ్చిన 4.2 బీఎస్‌డీ సాకెట్లతో పాటు సెలెక్ట్‌నూ తెచ్చింది. చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, అసాధారణ పరిస్థితులకు ఒకటి చొప్పున మూడు బిట్ల పట్టీలు దానికి ఇవ్వాలి. ఏడో డిస్క్రిప్టర్‌ను గమనించాలంటే ఏడో బిట్ వెలిగించాలి. పిలుపు తిరిగొచ్చాక సిద్ధంగా ఉన్నవాటి బిట్లే మిగులుతాయి. అంటే ఇచ్చిన పట్టీనే అది చెరిపి రాస్తుంది కాబట్టి, ప్రతి చుట్టుకూ పట్టీని మళ్లీ కొత్తగా నింపుకోవాలి. లినక్స్‌లో గడువు కోసం ఇచ్చిన టైమ్‌అవుట్ విలువనూ మార్చేస్తుంది.

అసలు చిక్కు పట్టీ పొడవులో ఉంది. గ్నూ సీ లైబ్రరీలో అది 1,024 బిట్లు, అంటే 128 బైట్లు. చెల్లేవి 0 నుంచి 1,023 వరకు ఉన్న అంకెలే. 1,024 అంకె గల సాకెట్‌ను ఆ పట్టీలో గుర్తుపెట్టబోతే బిట్ పట్టీ దాటిపోయి పక్కనున్న మెమరీలో పడుతుంది. అక్కడ రీడింగ్ దాచుకున్న వేరియబుల్ ఉంటే అది పాడవుతుంది, ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన చిరునామా ఉంటే ప్రోగ్రాం కూలుతుంది. నీకు ఒకే రోగం రెండు రకాలుగా కనిపించింది ఇందుకే.

మామూలుగా అయితే ఈ ప్రమాదం అంతదాకా రాదు. ఒక ప్రాసెస్ తెరవగల డిస్క్రిప్టర్ల హద్దు చాలా లినక్స్ యంత్రాల్లో 1,024 గానే మొదలవుతుంది కాబట్టి, కొత్త కనెక్షన్ తీసుకునే యాక్సెప్ట్ పిలుపే విఫలమై లోపం బయటపడుతుంది. మరిన్ని మీటర్లు పట్టాలని ఎవరో ఆ హద్దును, అంటే యూలిమిట్‌ను, పెంచి ఉంటారు, కనుక్కో. సిస్టమ్‌డీ రాసేవాళ్లు ఈ సంగతి ఎరిగే, 2018 చివర్లో వచ్చిన 240వ వెర్షన్‌లో గట్టి హద్దును 5,24,288కి పెంచినా మెత్తని హద్దును మాత్రం 1,024 దగ్గరే ఉంచారు. సెలెక్ట్ వాడని ప్రోగ్రాములు తమ హద్దును తామే పెంచుకుంటాయి, వాడేవి క్షేమంగా ఉంటాయి. సెలెక్ట్ మాన్యువల్ పేజీ కూడా కొత్త ప్రోగ్రాములు పోల్ గానీ ఈపోల్ గానీ వాడాలని నేరుగానే హెచ్చరిస్తుంది.

పోల్ సిస్టమ్ ఫైవ్ శాఖ నుంచి 1980ల రెండో సగంలో వచ్చింది. బిట్ల పట్టీకి బదులు ఒక వరుస తీసుకుంటుంది. ఒక్కో గడిలో డిస్క్రిప్టర్, అడిగిన సంఘటనలు, జరిగిన సంఘటనలు విడివిడిగా ఉంటాయి. కాబట్టి ప్రతిసారీ నింపుకోనక్కర్లేదు, 1,024 గోడా లేదు. లైను తెగడం, లోపం రావడం వంటివి అడగకపోయినా చెబుతుంది. నీ మీటర్లు కొన్ని వందలే అయితే పోల్‌తో ఆగిపోయినా తప్పు లేదు. వేలల్లోకి వెళ్తే మాత్రం భారం తెలుస్తుంది. ప్రతి పిలుపుకూ మొత్తం వరుసను కెర్నల్‌కు అప్పగించాలి, కెర్నల్ ఒక్కొక్కదాన్నీ తడిమి చూడాలి, తిరిగొచ్చాక ప్రోగ్రాం మళ్లీ అంతా వెతకాలి.

ఆ భారం ఎంతో మైకేల్ కెరిస్క్ 2010లో వెలువరించిన 'ది లినక్స్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్'లో లెక్క వేసి చూపాడు. లక్ష సార్లు గమనించే పనికి, 10 డిస్క్రిప్టర్లుంటే పోల్‌కు 0.61 సెకన్లు, ఈపోల్‌కు 0.41 సెకన్ల సీపీయూ సమయం పట్టింది. పెద్ద తేడా కాదు. వెయ్యి డిస్క్రిప్టర్ల దగ్గర పోల్, సెలెక్ట్ రెండూ 35 సెకన్లు తీసుకుంటే ఈపోల్ 0.53లో ముగించింది. 10,000 దగ్గర పోల్‌కు 990, సెలెక్ట్‌కు 930 సెకన్లు పట్టగా ఈపోల్ 0.66 దగ్గరే ఉంది.

బడిలో పదివేల మంది పేర్లూ పిలిచి ఎవరు పలికారో చూడటం పోల్ పద్ధతి. వచ్చినవాళ్లే గుమ్మం దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెడితే, మాస్టారు ఆ సంతకాల వరకే చదువుకోవడం ఈపోల్ పద్ధతి.

1999లో డాన్ కెగెల్ ఒక సర్వర్ ఏకకాలంలో పదివేల మందికి సేవ చేయలేదా అనే ప్రశ్న లేవనెత్తి, దారులన్నీ ఒకచోట పేర్చాడు. 'సీ10కే' అన్న పేరు అప్పటిదే. 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.1తో జొనాథన్ లెమన్ రాసిన కేక్యూ వచ్చింది. లినక్స్‌లో డేవిడే లిబెంజీ రాసిన ఈపోల్ 2002లో 2.5.44 కెర్నల్‌లో చేరి, మరుసటి ఏడాది చివర్లో 2.6తో అందరికీ అందింది. ఈపోల్‌లో గమనించాల్సిన డిస్క్రిప్టర్‌ను ఒక్కసారి నమోదు చేస్తే చాలు. కెర్నల్ ఆ నమోదులను ఒక రెడ్‌బ్లాక్ ట్రీలో పెట్టుకుంటుంది. సాకెట్‌కు డేటా చేరగానే ఒక కాల్‌బ్యాక్ నడిచి, దాన్ని సిద్ధంగా ఉన్నవాటి జాబితాలోకి చేరుస్తుంది. ఈపోల్ వెయిట్ ఆ జాబితానే తెచ్చి ఇస్తుంది.

వేగం సంగతి అంతే. ఇక కబురు సంగతి.

'చదవడానికి సిద్ధం' అంటే డేటా ఉందని అర్థం కాదు. రీడ్ పిలిస్తే ఆగదని మాత్రమే. అవతలి మీటర్ కనెక్షన్ మూసేసినా అది చదవడానికి సిద్ధమే, రీడ్ సున్నా ఇస్తుంది. లోపం వచ్చినా సిద్ధమే, రీడ్ ఆ లోపాన్నే చెబుతుంది. సున్నాను పట్టించుకోకుండా మళ్లీ వెయిట్‌కు వెళ్లే ప్రోగ్రాంకు అదే కబురు క్షణానికి వేల సార్లు వస్తుంది.

కొన్నిసార్లు 'ఆగదు' అన్నదీ నిజం కాకపోవచ్చు. డేటా చేరిందని కెర్నల్ చెప్పాక, పరిశీలనలో చెక్‌సమ్ తప్పి ఆ ప్యాకెట్‌ను పారేయవచ్చని లినక్స్ మాన్యువలే ఒప్పుకుంటుంది. కొత్త కనెక్షన్ వచ్చిందన్న కబురుకూ యాక్సెప్ట్ పిలుపుకూ మధ్యలో అవతలివాళ్లు తెంచుకుని పోవచ్చు, ఇంకో థ్రెడ్ ముందే ఎత్తుకుపోవచ్చు. అందుకని గమనించే ప్రతి సాకెట్టూ, కొత్తవాళ్ల కోసం వింటున్నదీ సహా, నాన్‌బ్లాకింగ్‌గా ఉండాలి. అప్పుడు కబురు తప్పినా 'మళ్లీ రా' అన్న ఈఎగైన్ లోపం వస్తుంది తప్ప సర్వర్ అంతా ఒక్క మీటర్ దగ్గర స్తంభించదు.

రాయడం విషయం తిరగేసి ఉంటుంది. సాకెట్ బఫర్‌లో చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, రాయడానికి సిద్ధమా అని ఊరికే అడిగితే ఎప్పుడూ సిద్ధమే అంటుంది. సర్వర్ పనేమీ లేకుండా గిరగిరా తిరుగుతూ సీపీయూను నూరు శాతానికి తీసుకెళ్లేది ఇక్కడే. ముందు నేరుగా రాయాలి. కొంతే పట్టి మిగతాది మిగిలితే, దాన్ని దాచి అప్పుడే ఆ సంఘటనను నమోదు చేయాలి. మిగిలింది వెళ్లిపోగానే నమోదు తీసేయాలి.

ఈపోల్ కబురు రెండు తీరుల్లో వస్తుంది. మామూలుగా లెవెల్ ట్రిగర్డ్: చదవాల్సింది మిగిలి ఉన్నంతసేపూ చెబుతూనే ఉంటుంది. ఎడ్జ్ ట్రిగర్డ్ కోరితే, కొత్తగా ఏదైనా వచ్చినప్పుడే చెబుతుంది. నాలుగు వేల బైట్లు వస్తే వెయ్యి చదివి వెయిట్‌కు వెళ్లిన ప్రోగ్రాం మిగతా మూడు వేల గురించి మళ్లీ వినకపోవచ్చు. ఎడ్జ్ వాడితే ఈఎగైన్ వచ్చేదాకా చదవాలి. అలా చదువుతూ పోతే జోరుగా పంపే ఒక్క మీటర్ మిగతావాటి వంతు మింగేయకుండా చూసుకోవాలి. ఎడ్జ్ గొప్పదనీ లెవెల్ పాతదనీ చెప్పేవాళ్ల మాట పట్టించుకోకు. ఎన్‌జిన్‌ఎక్స్ క్లయింట్ కనెక్షన్లకు ఎడ్జ్ వాడుతుంది, రెడిస్ లెవెల్‌తోనే నడుస్తుంది. నీ సర్వర్‌కు లెవెల్ చాలు.

డిస్క్రిప్టర్ మూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఈపోల్ నిజానికి పట్టుకుని ఉండేది అంకె వెనకున్న తెరిచిన ఫైల్ వివరణను. ఫోర్క్‌తో పుట్టిన పిల్ల ప్రాసెస్ దగ్గర నకలు ఉంటే, తల్లి ప్రాసెస్‌లో మూసేసినా కబుర్లు వస్తూనే ఉంటాయి, ఆ పాత అంకెతో నమోదు తీసేయడం కూడా కుదరదు. మూసేముందే నమోదు తీసేయాలి, సాకెట్లకు క్లోజ్ ఆన్ ఎగ్జెక్ పెట్టాలి. రెండోది, అతి చిన్న ఖాళీ అంకె సంగతి. ఒక్క వెయిట్‌లో పాతిక కబుర్లు వచ్చాయనుకో. మూడోదాన్ని చూస్తూ తొమ్మిదో నంబర్ సాకెట్‌ను మూసేసి, వెంటనే కొత్త కనెక్షన్ తీసుకుంటే దానికి అదే తొమ్మిది దక్కవచ్చు. అదే గుంపులో వెనకున్న పాత తొమ్మిది కబురు కొత్త మీటర్ ఖాతాలో పడుతుంది. గుంపంతా చూశాకే మూయడం క్షేమం.

డిస్క్రిప్టర్లు అయిపోయినప్పుడు యాక్సెప్ట్ విఫలమవుతుంది, కానీ కొత్త కనెక్షన్ వరుసలోనే ఉంటుంది కాబట్టి కబురు ఆగదు. మళ్లీ అదే గిరగిర. లిబ్ఈవీ పత్రాల్లో దీనికో ఉపాయం ఉంది: ముందే ఒక డిస్క్రిప్టర్‌ను ఊరికే తెరిచి ఉంచుకుని, ఇబ్బంది వచ్చినప్పుడు దాన్ని మూసి, ఆ ఖాళీలో కనెక్షన్ తీసుకుని, వెంటనే తెంచి, మళ్లీ తెరిచిపెట్టుకోవడం.

అన్నిటికన్నా నీ పనికి ముఖ్యమైంది, అసలు రాని కబురు. మీటర్ దగ్గర కరెంటు పోతే అది వీడ్కోలు ప్యాకెట్ పంపలేదు. సర్వర్ వైపు ఆ సాకెట్ బతికున్నట్టే కనిపిస్తుంది. చదవడానికి ఏమీ లేదు, లోపమూ లేదు, ఈపోల్ మౌనంగా ఉంటుంది. టీసీపీ కీప్‌అలైవ్ పెట్టినా లినక్స్‌లో దాని మొదటి పరీక్ష మామూలుగా 7,200 సెకన్ల తర్వాతే, అంటే రెండు గంటలకు. ఆ గడువు తగ్గించు, లేదా ప్రతి మీటర్ చివరిసారి పలికిన సమయం రాసుకుని సర్వరే లెక్క చూసేలా చెయ్యి. టైమర్‌ఎఫ్‌డీతో గడియారం కూడా ఒక డిస్క్రిప్టర్‌గా మారి ఈపోల్ వరుసలోనే కూర్చుంటుంది. సిగ్నల్‌ఎఫ్‌డీ సిగ్నళ్లకు అదే పని చేస్తుంది.

రీడింగులు రాసే డిస్క్ ఫైలును మాత్రం ఈపోల్‌కు ఇవ్వబోకు. మామూలు ఫైలు నమోదును అది ఈపర్మ్ లోపంతో తిప్పికొడుతుంది. పోల్, సెలెక్ట్ అయితే అది ఎప్పుడూ సిద్ధమే అంటాయి, డిస్క్ ఎంత నెమ్మదించినా. ఆ రాతలు వేరే థ్రెడ్‌కు అప్పగించు. ఐఓ యూరింగ్ గురించి అడిగావు. జెన్స్ యాక్స్‌బో రాసిన అది 2019లో 5.1 కెర్నల్‌తో వచ్చింది, పద్ధతే వేరు. సిద్ధంగా ఉందన్న కబురుకు బదులు, అప్పగించిన పని పూర్తయిందన్న కబురు ఇస్తుంది, డిస్క్ ఫైళ్లకూ చెల్లుతుంది. పని పూర్తయ్యేదాకా బఫర్‌ను ముట్టుకోకుండా కాపాడుకోవడం అక్కడి బాధ్యత. ముందు ఈపోల్‌తో స్థిరపడి, డిస్క్ నిజంగా అడ్డం వస్తోందని కొలిచాక దాని దగ్గరికి వెళ్లు.

చదవడానికి రెడిస్‌లోని ఈపోల్ ఫైలుతో మొదలుపెట్టు. అందులో రెండు వందల పంక్తులు కూడా ఉండవు. పక్కనే కేక్యూకు, సెలెక్ట్‌కు రాసినవి ఉంటాయి, మూడూ ఎదురెదురుగా పెట్టుకుని చూడు. తర్వాత నీ సర్వర్‌ను యూలిమిట్ 50కి దించి నడుపు. ఒక్కో బైటే పంపే నకిలీ మీటర్ ఒకటి, కనెక్ట్ అయి జవాబు చదవని మీటర్ ఒకటి, మధ్యలో నెట్‌వర్క్ కేబుల్ పీకేసిన మీటర్ ఒకటి దాని మీదికి వదులు. ఎస్‌ట్రేస్‌లో ఈపోల్ వెయిట్, రీడ్, రైట్, యాక్సెప్ట్, క్లోజ్ ఈ అయిదింటినే పట్టి ఒక ఫైల్లో దింపు. ఆదివారం అత్తయ్య, నేను ఇంట్లోనే ఉంటాం. ఆ ఫైలు ముందే పంపితే ఫోన్‌లో ఇద్దరం కలిసి వరుసగా చదువుదాం.

ఇట్లు,
మామయ్య