ఇంగ్లీషు నేర్పు ఉపాధ్యాయునికి ఊరి తోడు

(పంచాయతీ సభ్యులకు పాఠము)

గ్రామమున మంచినీటి బావి పూడినచో పంచాయతీకి వెంటనే తెలియును. వీధిదీపము వెలుగనిచో ఆ రాత్రియే ఎవరో ఒకరు వచ్చి చెప్పుదురు. కాని బడిలో ఒక పాఠము పిల్లలకు అర్థము కానిచో ఆ సంగతి పంచాయతీకి తెలియజేయువారు లేరు. పిల్లలకు చెప్పుట చేతకాదు. తల్లిదండ్రులలో అనేకులకు అది తెలియు మార్గము లేదు. ఉపాధ్యాయుడు చెప్పుకొనుటకు సంకోచించును. ఇట్లు ఎవరికిని తెలియకయే మరుగున పడిపోవు కష్టములలో ఇంగ్లీషు పాఠము మొదటిది.

నేడు కూలిపని చేసుకొను తల్లి మొదలు పెద్ద రైతువరకు అందరును తమ బిడ్డలకు ఇంగ్లీషు రావలెనని కోరుచున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరమునుండియు, తెలంగాణలో 2022-23 నుండియు ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు గల పాఠ్యపుస్తకములు ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశపెట్టబడినవి. పుస్తకము మారినది. ఆ పుస్తకమును చేతబట్టి తరగతిలో నిలుచు ఉపాధ్యాయునికి తోడెవరు? ఈ ప్రశ్నను పంచాయతీ సభ్యులు తమదిగా భావించవలెనని మేము కోరుచున్నాము.

కష్టము ఎక్కడ నున్నది?

మన భాషకును ఇంగ్లీషునకును నడక వేరు. “రాముడు పండు తిన్నాడు” అని మనము క్రియను చివర నుంచుదుము. ఇంగ్లీషులో క్రియ నడుమ వచ్చును. “బల్లమీద” అనునపుడు “మీద” అను మాట మనకు వెనుక వచ్చును. వారికి ముందు వచ్చును. ఎ, ఆన్, ది అను చిన్న మాటలకు తెలుగులో సాటి మాటలు లేవు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగియును గనుక మన పిల్లలు సహజముగా బస్సు, బుక్కు అని పలుకుదురు. మనము వ్రాసినట్లే చదువుదుము. ఇంగ్లీషులో అట్లు కాదు. పుట్ అను మాటలోను, బట్ అను మాటలోను నడుమ నుండు అక్షరమొక్కటే, పలుకు మాత్రము వేరు.

కనుక పిల్లవాడు తడబడుట తెలివి తక్కువై కాదు. ఒక భాషనుండి మరియొక భాషకు దాటునపుడు ఎవరికైనను కలుగు తడబాటే యది. దీనిని ముందుగా నెరిగిన ఉపాధ్యాయుడు తగిన జాగ్రత్త తీసికొనును. ఎరుగనిచో నేమగును? మూడవ తరగతి బాలిక నల్లబల్లమీది ఇంగ్లీషు వాక్యమును ముత్యములవలె పలకపై దించును. “దీని అర్థమేమి తల్లీ?” అని అడిగినచో తల వంచును. చూచి దించుట బొమ్మ గీయుటయే కాని భాష నేర్చుట కాదు. అట్లే అయిదేండ్లు గడచిన పిమ్మట ఆ బాలిక “నాకు చదువు రాదు” అని నిశ్చయించుకొని బడి మానుటయు కలదు.

ఉపాధ్యాయుని స్థితియు ఆలోచింపదగినదే. మన గ్రామములలో పనిచేయువారిలో అనేకులు తాము తెలుగు మాధ్యమములో చదివినవారు. ఇంగ్లీషు చదువగలరు, వ్రాయగలరు. కాని నిత్యము మాటలాడు అవకాశము వారికి దొరకలేదు. చిన్న బడిలో ఒకరో ఇద్దరో పంతుళ్లు అయిదు తరగతులు నడుపుచుందురు. సందేహము వచ్చినపుడు అడుగుటకు ప్రక్కన మనిషి ఉండడు.

ఉపాధ్యాయుల కూటమి

రైతు విత్తనమునుగూర్చి సందేహము వచ్చినచో ప్రక్క చేని రైతును అడుగును. ఉపాధ్యాయునికిని అట్టి ప్రక్క చేను కావలెను. ఈ సంగతిని విద్యావేత్తలు చాలకాలము క్రిందటనే గ్రహించినారు.

1964-66 నడుమ పనిచేసిన కొఠారీ విద్యాసంఘము ఒక ఉన్నత పాఠశాలను, చుట్టుపట్ల నున్న చిన్న బడులను ఒక సముదాయముగా కూర్చవలెనని సిఫారసు చేసినది. స్కూలు కాంప్లెక్సు అని నేడు మనము వినుచున్నది దాని ఫలమే. 1980వ దశకములో బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో ఆంధ్రప్రదేశ్‌లో సాగిన ప్రాథమిక విద్యా పథకము ఉపాధ్యాయ కేంద్రములను నెలకొల్పి, పంతుళ్లు ఒకచోట కూడి పాఠములను చర్చించుకొను అలవాటును పెంచినది. పరిసరములలో దొరకు వస్తువులతో బోధించుట, పిల్లల పనిని గోడలపై ప్రదర్శించుట ఆ పథకము నేర్పిన సూత్రములలో ముఖ్యమైనవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయునికిని ఏటా కనీసము 50 గంటల వృత్తి శిక్షణ లభింపవలెనని చెప్పినది.

ఇంగ్లీషు బోధనకు ప్రత్యేక సంస్థలును కలవు. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ స్థాపింపబడినది; అదియే పెరిగి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. 1969లో చెన్నపట్టణమున భారత ఇంగ్లీషు ఉపాధ్యాయుల సంఘము ఏర్పడినది. మారుమూల బడిలో పనిచేయు పంతులు సైతము అట్టి సంఘమున సభ్యత్వము పొందవచ్చును.

1979 మొదలు 1984 వరకు దక్షిణ భారతమున కొన్ని పాఠశాలలలో ఎన్. ఎస్. ప్రభుగారు ఒక ప్రయోగము నడిపినారు. వ్యాకరణ సూత్రములు వల్లెవేయించుటకు మారుగా, రైళ్ల వేళల పట్టిక చూచి లెక్క కట్టుట, పటము చూచి దారి చెప్పుట వంటి పనులను పిల్లలచేత ఇంగ్లీషులో చేయించినారు. మనస్సు పనిమీద నున్నపుడు భాష దానంతట అది అలవడునని వారి ఆలోచన. అందరికిని అన్నిచోట్లను సరిపడు ఒకే ఉత్తమ పద్ధతి లేదనియు, తాను చేయుచున్న బోధనను ఆలోచించి, నమ్మి చేయు ఉపాధ్యాయుడే ముఖ్యమనియు వారే 1990లో వ్రాసినారు. ఆ ఆలోచన ఒంటరిగా కూర్చున్న పంతులులో త్వరగా ఎండిపోవును. నలుగురు కలసినచోట చిగుర్చును.

మంచి సమావేశము ఎట్లుండును?

సర్క్యులర్లు చదువుకొని, పట్టికలు నింపి లేచిపోవు సమావేశము వలన పిల్లలకు మేలు లేదు. మంచి సమావేశమున జరుగవలసిన పనులివి:

1. ప్రతి ఉపాధ్యాయుడును తన తరగతిలో సాగని ఒక పాఠమును తీసికొని రావలెను. “ఇది నాకు చేతకాలేదు” అని సిగ్గుపడక చెప్పుకొను చోటు అదియే.

2. ఒకరు ఆ బడి పిల్లలకే పాఠము చెప్పవలెను. తక్కినవారు చూచి చర్చింపవలెను.

3. కొంతసేపు ఇంగ్లీషులోనే మాటలాడుకొనవలెను. తప్పులు పలికినను నవ్వువారుండరాదు.

4. అందరును కలసి బోధనోపకరణములు తయారు చేసికొని తమ బడులకు కొనిపోవలెను.

5. మరుసటి సమావేశమున ఆ ఉపకరణము ఎట్లు పనిచేసినదో చెప్పవలెను.

ఊరిలోనే ఉన్న ఉపకరణములు

బోధనోపకరణములనగా ఖరీదైన యంత్రములే యని తలచరాదు. మన ఊరిలో ఇంగ్లీషు ఇదివరకే వ్యాపించి యున్నది. బస్సు, రోడ్డు, టిక్కెట్టు, డాక్టరు, పెన్సిలు మొదలగు మాటలను బడికి రాని ముసలివారును వాడుచున్నారు. ఇట్టి మాటలను పిల్లలచేతనే సేకరింపజేసి గోడపై వ్రాయించినచో, “మాకు ఇంగ్లీషు రాదు” అను భయము మొదటి దినముననే సగము తొలగును.

రైల్వే స్టేషను పేరుపలక తెలుగు, హిందీ, ఇంగ్లీషులలో ఉండును. పది రూపాయల నోటుపై విలువ ఇంగ్లీషులోను, వెనుకవైపు తెలుగుతో సహా 15 భాషలలోను అచ్చువేయబడి యుండును. శుభ్రపరచిన యూరియా సంచిపై పేరు, 45 కిలోల తూకము చదువవచ్చును. పురుగుమందుల డబ్బాలను మాత్రము ఖాళీవైనను బడిలోనికి రానీయరాదు.

పాత శుభలేఖల వెనుకవైపు మాటలు వ్రాసిన చీటీలు, క్యాలెండరు బొమ్మలు, కుట్టుపని తెలిసిన సోదరి మడతలు పెట్టి కుట్టిన గుడ్డ ఉన్నచో జేబుల బోర్డు సిద్ధమైనట్లే. జేబులలో మాటల చీటీలను మార్చి మార్చి ఉంచుచు, క్రియ నడుమకు వచ్చు సంగతిని పిల్లలు చేతులతోనే నేర్చుకొందురు.

పాఠము క్రమమునుగూర్చియు సభ్యులు తెలిసికొనుట మంచిది. మొదట వినుట, పిదప పలుకుట, ఆ పిదప చదువుట, చివరకు వ్రాయుట. ఉపాధ్యాయుడు “స్టాండప్” అనగానే పిల్లలు లేచుట, “ఓపెన్ ది డోర్” అనగానే ఒకడు పోయి తలుపు తెరచుట చూచినచో, అది ఆటయని విసుగుకొనరాదు. అదియే పాఠము. అట్లే అవ్వ చెప్పిన కథను పిల్లలు మొదట తెలుగులో చెప్పి, పిదప అయిదు చిన్న ఇంగ్లీషు వాక్యములలో చెప్పుట గొప్ప అభ్యాసము. తెలుగు ఇంగ్లీషునకు అడ్డు కాదు, మెట్టు. విద్యాబోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో నుండవలెనని 2009 విద్యాహక్కు చట్టమును చెప్పుచున్నది.

కథల పుస్తకములు కావలెనన్నచో ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అను అంతర్జాల గ్రంథాలయములో పిల్లల కథలు తెలుగులోను ఇంగ్లీషులోను ఉచితముగా లభించును. 2017లో ప్రారంభమైన దీక్షా వేదికలో ఉపాధ్యాయులకు పాఠములు కలవు. పంచాయతీ కార్యాలయమున ప్రింటరు ఉన్నచో నెలకు రెండు కథలు అచ్చుతీసి బడికిచ్చుట పెద్ద వ్యయము కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందదగిన 29 అంశములు కలవు. వానిలో 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య, 20వది గ్రంథాలయములు. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో స్థానిక సంస్థల ప్రతినిధులకు స్థానము కలదు; సభ్యులలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెను. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేయునది ఆ సంఘమే. కాబట్టి క్రింది పనులు మన అధికారములోనివే.

మొదటిది, సమయము. అదే చట్టము ఉపాధ్యాయునికి వారమునకు 45 పని గంటలు నిర్ణయించి, పాఠము సిద్ధపరచుకొను సమయమును అందులో చేర్చినది. సిద్ధపడుటయు పనియే. జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదనియు చట్టము చెప్పుచున్నది. ఊరి పనులకు పంతులును పిలుచు అలవాటు మనము మానవలెను.

రెండవది, సమావేశపు దినము. ఉపాధ్యాయుడు సమావేశమునకు పోయిననాడు “బడి ఎగగొట్టినాడు” అను మాట కొన్ని ఊళ్లలో వినవచ్చును. ఆ కోపము అకారణము కాదు. ఒక్కరే పంతులున్న బడిలో వారు కదలినచో తలుపు మూతపడును; పిల్లలకు ఒక పూట నష్టమగును. దీనికి ఉపాయమేమన, సమావేశముల తేదీలను ముందుగా తెలిసికొని, ప్రక్క బడినుండి ఒకరిని పంపుమని, లేదా రెండవ పూట సమావేశము జరుపుమని మండల విద్యాధికారిని పంచాయతీ వ్రాతమూలకముగా కోరుట. తిరిగి వచ్చిన పిమ్మట, “మాస్టారూ, మన పిల్లలకు ఏమి తెచ్చినారు?” అని ఆదరముతో అడుగుట. ఈ ఒక్క ప్రశ్న సమావేశమును బాగుచేయును.

మూడవది, పుస్తకములు. ప్రతి బడిలో వార్తాపత్రికలు, కథల పుస్తకములు గల గ్రంథాలయము ఉండవలెనని విద్యాహక్కు చట్టపు షెడ్యూలు నిర్దేశించుచున్నది. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము క్రింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మన గ్రామస్థులే చెల్లించుచున్నారు. ఆ పన్ను సకాలమున జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్చి, చిన్న పిల్లలకు తగిన రెండు భాషల పుస్తకములు పంపుమని అడుగు హక్కు మనకు కలదు.

నాలుగవది, మర్యాద. బడికి పోయిన సభ్యుడు నలుగురి యెదుట “ఏదీ, ఇంగ్లీషులో మాటలాడుడు చూతము” అని పంతులును పరీక్షించుట కూడదు. అట్లు అవమానము పొందినవారు మరునాటినుండి తమకు వచ్చిన మాటలు సైతము పలుకరు. నల్లబల్లపై వ్రాసి, దించుకొనుడని ఊరకుందురు. ఆ నష్టము పిల్లలదే.

బావికి గట్టు కట్టించుట కంటికి కనబడు పని. ఉపాధ్యాయునికి తోడు కల్పించుట కంటికి కనబడదు. కాని నేడు తల వంచిన ఆ బాలిక రేపు తల యెత్తి అర్థము చెప్పగలుగుట ఆ తోడుమీద ఆధారపడి యున్నది. రానున్న పంచాయతీ సమావేశపు అజెండాలో ఈ విషయమును ఒక అంశముగా చేర్చుడని సభ్యులను కోరుచున్నాము.

చర్చకు ప్రశ్నలు

1. మన బడి ఉపాధ్యాయులు గత సంవత్సరము ఎన్ని సమావేశములకు పోయిరి? అచ్చటనుండి ఏ కొత్త పద్ధతి తెచ్చిరి?

2. ఆ దినములలో పిల్లల చదువు ఆగకుండుటకు ఏ ఏర్పాటు చేయగలము?

3. మన బడిలో పిల్లల చేతికందు కథల పుస్తకములు ఎన్ని? బీరువాలో తాళము వేసి యున్నవి ఎన్ని?

4. గ్రంథాలయ పన్ను వసూలు చేసి చెల్లించితిమా?

5. పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో ఇంగ్లీషు బోధనోపకరణములకు స్థానము కలదా?