నార్మల్ వచ్చినా మళ్లీ రక్తపరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. షుగర్ ఉంది. ఛాతీనొప్పి రాగానే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఈసీజీ, ట్రోపోనిన్ నార్మల్ అన్నారు. అయినా ఇంటికి పంపకుండా మూడు గంటలాగి మళ్లీ రక్తం తీశారు. ఇది అవసరమా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అవసరమేనమ్మా. ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రొటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరుతుంది. కానీ అందుకు కొంత సమయం పడుతుంది. నొప్పి మొదలైన కాసేపటికే పరీక్షిస్తే, గుండెపోటు ఉన్నా నార్మల్‌గా రావచ్చు. అందుకే రెండోసారి చూస్తారు. అంకె పెరుగుతుంటే గుండెకు అప్పుడే దెబ్బ తగులుతోందని అనుమానించాలి. ఎక్కువగానే ఉండి మారకపోతే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వంటివి కారణం కావచ్చు.

రక్తపరీక్ష ఒక్కదానితోనే నిర్ణయం తీసుకోరు. నొప్పి తీరు, ఈసీజీ, వయసు, ముప్పు కారకాలు, ట్రోపోనిన్... ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు వేసి కూడే ‘హార్ట్ స్కోర్’ను నెదర్లాండ్స్ వైద్యులు 2008లో ప్రతిపాదించారు. మొత్తం 3 దాటకపోతే ముప్పు తక్కువ. మీ నాన్నగారికి వయసు, షుగర్ వల్లే 2 మార్కులు వస్తాయి. కాబట్టి డాక్టర్లు జాగ్రత్తపడటం సరైనదే.

షుగర్ ఉన్నవారిలో గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, వాంతులతోనే రావచ్చు. గ్యాస్ అనుకుని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇబ్బంది ఎన్ని గంటలకు మొదలైందో డాక్టరుకు కచ్చితంగా చెప్పండి. రక్తపరీక్ష ఫలితాన్ని ఆ సమయంతో పోల్చే అర్థం చేసుకోవాలి.