ఇంటనుండి పనియా? ఆఫీసులో పనియా?

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 18:1-4; ఆదికాండము 39:1-12; కొలొస్సయులకు 3:22-24



2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు, హోసూరు నుండి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి పోయి కంప్యూటరు పని చేయువారు తమ పనిని ఇంటికి తెచ్చుకొనిరి. కొందరు స్వగ్రామము చేరి, వృద్ధులైన తల్లిదండ్రుల యొద్దనుండియే ఉద్యోగము చేసిరి. సిప్కాట్ ఫ్యాక్టరీలలోని సహోదరులకు ఆ వీలు లేదు. లారీని ఎవరును ఇంట కూర్చుండి బిగింపలేరు గదా! తరువాత అనేక కంపెనీలు ఉద్యోగులను తిరిగి ఆఫీసుకు పిలిచినవి. మరల ఊరు విడువవలెనా అను ప్రశ్న అనేక కుటుంబములకు వచ్చినది. వాక్యము మనకేమి నేర్పుచున్నది?

1. రెండును దేవుని యెదుట పనియే. అకుల, ప్రిస్కిల్ల మనవలెనే వలసవచ్చినవారు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి కొరింథు చేరిరి. పౌలు వారియొద్ద నివసించి, వారితో డేరాలు కుట్టెను. యోసేపైతే పరాయివాని యింటికి పోయి పనిచేసెను. స్థలమునుబట్టి ఎవరును గొప్పవారు కారు.

2. చూచువాడు లేనప్పుడు నమ్మకత్వము. పోతీఫరు యోసేపును లెక్క అడుగలేదు. ఇంటిలో మరెవరును లేని దినమున సహితము యోసేపు దేవుని యెదుట నిలిచెను. కంప్యూటరు తెర వెలుగుచుండగా వేరొక పనికి పోవుటయు, సూపర్‌వైజరు వచ్చినప్పుడు మాత్రమే మిషను దగ్గర నిలుచుటయు ఒకటే పాపము. రెండింటిలోను జీతము పుచ్చుకొని పని దొంగిలించుచున్నాము.

3. ఇంటివారి భారము. భర్త ఇంటనున్నాడని భార్యకు వంటయు, పిల్లలను సద్దుమణచుటయు రెట్టింపు కాకూడదు. ఆమెయు ఉద్యోగినియైతే మరి విశేషముగా ఆలోచింపవలెను. బెంగళూరు సుమారు 40 కిలోమీటర్లే. అయినను అత్తిబెలె యొద్ద బండ్లు నిలిచిపోయిన దినమున పిల్లలు నిద్రించిన తరువాతనే తండ్రి ఇల్లు చేరును. ఎక్కడ పనిచేసినను, కుటుంబ ప్రార్థన వేళకు పని మూతపడవలెను.

4. సహవాసము విడువకుడి. పౌలు ప్రతి విశ్రాంతిదినమున డేరాలు ప్రక్కనబెట్టి సమాజమందిరమునకు పోయెను. ఇంటనే పనిచేయువాడు దినమంతయు మనుష్యుని ముఖము చూడకపోవచ్చును. అట్టివాడు ఆరాధనను కూడ ఫోనులోనే చూచి తృప్తిపడకూడదు (హెబ్రీయులకు 10:24-25). నైట్ షిఫ్టు వలన రాలేని సహోదరుని మనమే పోయి పలుకరించుదము.

కాబట్టి జీతమును మాత్రమే చూచి తీర్మానింపకుడి. తల్లిదండ్రుల అవసరత, పిల్లల చదువు, సంఘ సహవాసము ప్రార్థనలో తూచుకొనుడి. పిలుపు వచ్చినప్పుడు వెళ్లవలసివచ్చినవాడు సణగక వెళ్లును గాక. ఊరిలో నిలిచినవాడు అక్కడి సంఘమునకు ఆసరా అగును గాక.

చర్చించుడి:
1. మన పనిలో ఎవరును చూడని భాగమేది?
2. మన సంఘములో షిఫ్టు వలన ఆరాధనకు దూరమైనవారెవరు? వారికొరకు ఈ వారము ఏమి చేయుదము?

ప్రార్థన: ప్రభువా, మా చేతిపనిని నీకే చేయునట్లు మాకు నమ్మకమైన మనస్సు దయచేయుము. ఆమేన్.