దాచుకున్న సొమ్ము – దాచుకొనే తీరు



కిందటి వేసవిలో ఒక ఆదివారం రెండవ పూజ ముగిసిన తరువాత, ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య గురుమందిరానికి వచ్చారు. చేతికి పన్నెండు లక్షలు అందాయట. ఊరిలో ఒక పెద్దమనిషి నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తానన్నాడట. "మొత్తం అక్కడే పెట్టేయమంటారా ఫాదర్‌గారూ?" అని అడిగారు. నేను సెమినరీలో తత్త్వశాస్త్రం చదివినవాణ్ణే గాని వాణిజ్యం చదివినవాణ్ణి కాను. అయినా ఆ "మొత్తం" అన్న మాట వినగానే నాకు గుండె జారింది.

లెక్క చూడండి. నూటికి నెలకు రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం. పోస్టాఫీసులో 60 ఏళ్లు దాటినవారి పొదుపు పథకానికి 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన వడ్డీ 8.2 శాతం. దానికి దాదాపు మూడింతలు ఇస్తాననేవాడు ఆ సొమ్మును అంతకంటె ఎక్కువ లాభానికి తిప్పగలగాలి. లేదా కొత్తగా చేరినవారి డబ్బు తెచ్చి పాతవారికి వడ్డీగా ఇవ్వాలి. రెండవ దారి ఎంతకాలం నడుస్తుందో మన ప్రాంతంలో చెప్పనక్కరలేదు. అగ్రిగోల్డ్ సంస్థలో సుమారు 32 లక్షల మంది డబ్బు కట్టారు. అది కుప్పకూలిన తరువాత, పదివేలలోపు కట్టినవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లోను, ఇరవైవేలలోపు కట్టినవారికి 2021లోను చెల్లించింది. అంతకంటె ఎక్కువ కట్టినవారు ఇంకా ఎదురుచూడవలసి వచ్చింది.

అయితే మోసం ఒక్కటే ప్రమాదం కాదు. ఎంత మంచి చోటైనా సరే, ఉన్నదంతా అక్కడే ఉండడం కూడా ప్రమాదమే. ఈ సంగతి మన రైతులకు నాకంటె బాగా తెలుసు. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటలను తుడిచిపెట్టినప్పుడు, ఉన్న ఎకరాలన్నీ మిరపే వేసినవారికి ఏమీ మిగలలేదు. కొంత వరి, కొంత అపరాలు వేసుకున్నవారు తిండిగింజలైనా ఇంటికి తెచ్చుకున్నారు.

డబ్బు సంగతీ అంతే. 2009 జనవరి 7న హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ అధిపతి, తన లెక్కలు అబద్ధమని స్వయంగా ఒప్పుకున్నారు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడిపోయింది. అదే రోజు ముప్పై పెద్ద కంపెనీల ధరలను కలిపి చూపే సెన్సెక్స్ తగ్గింది సుమారు 7 శాతం. సత్యం షేర్లు మాత్రమే కొన్నవాని ఇంటిలో ఆ రాత్రి పొయ్యి వెలిగి ఉండదు. ముప్పైలోనూ కొంచెం కొంచెం ఉన్నవాడు బాధపడ్డాడు గాని మునిగిపోలేదు. అనేక కంపెనీలలో మనకు చిన్న చిన్న వాటాలు ఇప్పించే ఇండెక్స్ ఫండులో ఉన్న సూత్రం ఇదే.

ఇక్కడ ఒక మాట. ఒకే రోడ్డు మీద నాలుగు స్థలాలు కొనడం పంచిపెట్టడం కాదు. ఆ రోడ్డుకు ధర పడిపోతే నాలుగూ కలిసే పడిపోతాయి.

పంచిపెట్టడంతో పాటు ఓపిక కూడా కావాలి. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ 2009 మార్చిలో 8,200 కంటె కిందికి దిగింది. భయపడి అమ్మినవారు ఆ నష్టాన్ని శాశ్వతం చేసుకున్నారు. ఆగినవారికి 2010 నవంబరులో మళ్లీ 21,000 కనబడింది. 2024 సెప్టెంబరులో అది 85,000 దాటింది. అయితే 2009లోనే అమ్మాయి పెళ్లి పెట్టుకున్న తండ్రికి 2024 సంగతి దేనికి? అందుకే నాలుగైదు సంవత్సరాలలో అవసరపడే డబ్బును షేర్ల వైపు పంపకూడదని నా అభిప్రాయం.

పిల్లలు చిన్నవారైన కుటుంబాలకు కాలమే పెద్ద ఆస్తి. పి.పి.ఎఫ్. ఖాతాలో ఏటా ఏప్రిల్ మొదటి రోజుల్లో 12,000 చొప్పున 15 ఏళ్లు వేస్తే మీరు కట్టేది 1,80,000. 2020 ఏప్రిల్‌లో నిర్ణయించిన 7.1 శాతం వడ్డీయే చివరిదాకా ఉంటే చేతికి వచ్చేది సుమారు 3,25,000. బ్యాంకు డిపాజిట్ల విషయంలో మరొకటి గుర్తుంచుకోండి. బ్యాంకు మూతపడితే బీమా వచ్చేది ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో, వడ్డీతో కలిపి, 5 లక్షల వరకే. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష మాత్రమే. ఒకే బ్యాంకు శాఖలు రెండైనా బ్యాంకు ఒక్కటిగానే లెక్క.

ఇవన్నీ చెప్పి, "మాస్టారూ, మీకు నెల నెలా కావలసినదెంత? ఎప్పటికీ ముట్టుకోనక్కరలేనిదెంత?" అని అడిగాను. ఆయన ఆలోచిస్తుండగా భార్యే జవాబు చెప్పారు. ఇంటి లెక్క ఆమెకే తెలుసు మరి! చివరికి ఏడు లక్షలు పోస్టాఫీసులో పెద్దల పొదుపు పథకంలో వేశారు. మూడు నెలలకొకసారి 14,350 వస్తుంది. రెండు లక్షలు ఆసుపత్రి అవసరాలకని బ్యాంకులో ఉంచారు. మరో రెండు లక్షలు మనవడి చదువుకని ఇండెక్స్ ఫండులో కొద్దికొద్దిగా వేయడం మొదలుపెట్టారు. అన్నింటిలోను భార్య పేరు నామినీగా రాయించి, కాగితాలు ఏ బీరువాలో ఉన్నవో ఆమెకు చూపించారు.

మిగిలిన లక్ష మాత్రం మొహమాటం కొద్దీ ఆ పెద్దమనిషికే ఇచ్చారు. దాని సంగతి నేను ఇప్పటివరకు అడగలేదు.