తొలకరికి ముందే మీ పొలం పటం గీయండి

మృగశిర కార్తె దగ్గరపడింది. విత్తనాలు, ఎరువుల కోసం తిరుగుతున్న రైతు సోదరులకు ఒక మనవి. ఒక పూట పొలమంతా కలియదిరిగి, దాని పటం కాగితం మీద గీసుకోండి. బడిలో చదివిన భూగోళం అక్కరకొచ్చేది ఇక్కడే.

వాన దారి: నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసి, అనంతపురం చేరేసరికి తేలికపడతాయి. నెల్లూరుకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలే పెద్ద దిక్కు. అందుకే విత్తే అదను ఊరూరికీ మారుతుంది. పొరుగు జిల్లాలో చుట్టాలు విత్తారని మనం తొందరపడకూడదు.

నేల: నాలుగైదు చోట్ల మోకాలి లోతు గుంత తవ్వండి. తడి మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. పట్టీలా సాగితే బంకమన్ను ఎక్కువ. పొడిపొడిగా రాలితే ఇసుక పాలు ఎక్కువ. జానెడు లోతులోనే మొరం తగిలిన చోట వర్షాధార పత్తి వద్దు, బెట్టకు ఆగదు. కొర్ర, పెసర వంటి స్వల్పకాలిక పంటలు నయం. తేలిక నేలల్లో 50–60 మి.మీ., నల్లరేగడిలో 60–75 మి.మీ. వాన పడ్డాకే విత్తండి. మట్టి రంగు మారిన ప్రతిచోటా భూసార పరీక్షకు నమూనా విడిగా తీయండి. అన్నీ కలిపేస్తే ఫలితం ఏ మడికీ సరిపోదు.

వాలు: 10 మి.మీ. వాన పడితే ఎకరంలో సుమారు 40 వేల లీటర్ల నీరు చేరుతుంది. వాలు వెంబడి దున్నితే ప్రతి సాలూ కాలువై పైమట్టిని మోసుకుపోతుంది. పారదర్శకమైన సన్నని గొట్టంలో నీరు నింపి, రెండు కొసలను ఒకే ఎత్తున్న రెండు కర్రలకు కట్టండి. రెండు కర్రల మీదా నీటిమట్టం ఒకే ఎత్తులో నిలిచిన చోట్ల గుర్తులు పెట్టుకుంటూ పోతే సమతల రేఖ దొరుకుతుంది. ఆ రేఖ వెంటే, అంటే వాలుకు అడ్డంగా, దున్ని విత్తండి. పల్లపు మూలన నీటికుంట తవ్వుకుంటే, అందులో చేరిన నీరు బెట్టరోజుల్లో ఒక తడికి పనికొస్తుంది.

ఇస్రో వారి ‘భువన్’ ఉపగ్రహ పటంలో మీ ఊరి చెరువు, వాగు ఎటున్నాయో చూసి, మీ పటంతో సరిపోల్చుకోండి. పటం గీసేటప్పుడు బడికెళ్లే పిల్లలను పొలానికి వెంట తీసుకెళ్లండి. గీసే పని వాళ్లకివ్వండి. తొలి వానకు నీరు ఎటు పారిందో, ఎక్కడ నిలిచిందో వాళ్లచేతే అందులో గుర్తు పెట్టించండి.